అయిదు వేళ్ల నలుపు

శనివారం పొద్దున్నే సెలూనాయన కత్తెర సంచీ పట్టుకుని సంఘపెద్ద ఇంటికొచ్చేవాడు. వరండాలో స్టూలు వేసి, పెద్దాయన మెడకి తెల్లగుడ్డ చుట్టి, ఊరి సంగతులన్నీ చెప్పుకుంటూ జుట్టు కత్తిరించేవాడు.

"రంగు డబ్బాలు తెచ్చి పెట్టుకున్నాను పెద్దయ్యా, మూత తీసిన పాపాన పోలేదు. మీ చెయ్యి పడ్డాక నా దగ్గర రంగెవరు వేయించుకుంటారు? నా పొట్ట కొట్టేశారు మీరు."

నిజమే. పెద్దాయన ఎవరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే, ఆ చేతి కింద నెరిసిన జుట్టయినా నల్లబడేది, మళ్లీ నెరిసేది కాదు, రాలేదీ కాదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీలో కూర్చుంటే ముందున్న ముసలి తలలన్నిటి మీదా అయిదు వేళ్లు నల్లగా కనిపించేవి. సెలూనాయనది బట్టతల. నడినెత్తిన మాత్రం ఒత్తుగా జుట్టు, ఎవరో చెయ్యి మరిచిపోయి వెళ్లినట్టు.

పెద్దాయన తల ముగ్గుబుట్ట. ఆయనకి చెయ్యి పెట్టేంత పెద్దవాళ్లు ఎవరున్నారని?

ఆ ఇంట్లో ఇంకో ముగ్గుబుట్ట ఉందని ఎవరికీ తెలీదు. పెద్దాయన భార్య నలుగురిలో ముసుగు తీసేది కాదు. "మీకేమమ్మా, ఇంట్లోనే చెయ్యి. తలంతా నిగనిగలాడుతుంటుంది" అని ఆడవాళ్లు ఉడుక్కునేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది.

పెళ్లయిన కొత్తలో తన తల మీదా చెయ్యి పెట్టమని ఒకసారి అడిగింది. "ఇంట్లో మనిషివి, ఎక్కడికి పోతావే? రేపు పెడతాలే" అన్నాడాయన. ఆ రేపు రాలేదు. చెడ్డవాడేం కాదు. ఎవరి బిడ్డకి జ్వరమన్నా తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి ఆ చెయ్యి మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేనంత బరువెక్కి ఉండేది. ఆమే దాన్ని ఒళ్లో పెట్టుకుని వేణ్నీళ్ల కాపడం పెట్టేది. ఇంకోసారి అడగడానికి మాత్రం మనసొప్పలేదు. గుర్తుండి పెట్టాలి గానీ, మొగుణ్ణి అడిగి పెట్టించుకోవడమేమిటి?

ఆ శనివారం సెలూనాయన గుడ్డ దులుపుతూ, "మా అమ్మాయికి నెలలు నిండాయి పెద్దయ్యా. మొదటి కాన్పు, బెంబేలెత్తిపోతోంది. ఓసారి వచ్చి చెయ్యి పెట్టాలి" అన్నాడు.

"రేపు వస్తాలేరా."

మధ్యాహ్నం పెరట్లో కాళ్లు కడుక్కుంటూ పెద్దాయన కూలబడిపోయాడు. కుడి పక్కంతా చచ్చుబడింది.

మర్నాడు ఆమె చెంచాతో పాలు తాగిస్తుంటే ముసుగు జారింది. ఆయన ఆ తలవంక అలా చూస్తూ ఉండిపోయాడు. కొత్తగా చూసినట్టు చూశాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నీకు... పెట్టనేలేదే."

కుడిచెయ్యి లేపబోయాడు. లేవలేదు. మంచం అంచున అలాగే పడి ఉంది. ఆమె కింద కూర్చుని ఒక్క జానెడు వంగితే తల దాని కిందికే వచ్చేది.

"ఇప్పుడెందుకు లెండి" అంది.

గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. తోమిన గిన్నెనే మళ్లీ మళ్లీ తోమింది. తిరిగొచ్చేసరికి ఆయన లేడు.

అప్పుడు వంగింది. ఆ చేతిని ఎత్తి తల మీద పెట్టుకుంది. జారిపోయింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ జారింది. ఇంకేం తోచక తన చేతినే ఆయన నెత్తి మీద పెట్టింది. ఉల్లిపాయల వాసన పోని చెయ్యి. "నేనన్నా ఇంకోమాట అడిగుండాల్సింది కదండీ" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

కబురు విని అందరికన్నా ముందు సెలూనాయనే వచ్చాడు, చివరిసారి గడ్డం గీయడానికి. తల దువ్వబోయి దువ్వెన ఆపేశాడు. ఆ తెల్లజుట్టులో అయిదు వేళ్లు, నల్లగా.

"ఇది పెద్దయ్య చెయ్యి కాదు. చిన్న చెయ్యి" అని, ముసుగు సర్దుకుంటున్న ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

"పెద్దమ్మా, అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చాం. పొద్దుట్నుంచీ నొప్పులే, బిడ్డ రావట్లేదు. ఓసారి వస్తారా?"

"అడగడానికి నోరెలా వచ్చిందిరా, ఇంట్లో శవాన్ని పెట్టుకుని?"

"పిల్ల కోసం పెద్దమ్మా. అడక్కపోతే ఎలా?"

ఆమె కొంగులోంచి చెయ్యి తీసి చూసుకుంది. "నాకు ప్రార్థన రాదురా."

"ఇక్కడేమన్నారో అదే అనండి."

"ఇక్కడ ఏడ్చాను."

"అయితే ఏడవండి."

కాన్పు గదిలో ఆ పిల్ల చెమటలు కక్కుతూ పడుంది. ఆమె పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. ఏడుపు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఇంతలో గదిలో ఇంకో గొంతు కూడా ఏడ్చింది, చిన్నది, గట్టిది. నర్సు "ఆడపిల్ల" అంది.

బయటికొస్తుంటే ఆమె ముసుగు భుజాల మీదికి జారిపోయి ఉంది. సర్దుకోలేదు. సెలూనాయన ఆ తలని చూసి నిలబడిపోయాడు. ఒక్క నల్ల వెంట్రుకన్నా లేదు.

"పెద్దమ్మా, మీకు పెద్దయ్య..."

"ఇంకోసారి అడగలేదురా" అంది ఆమె. "పద. ఇంట్లో ఆయన ఎదురుచూస్తుంటాడు."