ఒడ్డు వాటా

సాయిదుర్గ పెళ్లయి రెండో నెల నడుస్తోంది. ఆనందపురం పొలాల మధ్య పెరిగి, డిగ్రీ చదివి, ఇష్టపడ్డ మోహన్ చెయ్యి పట్టుకుని సముద్రం ఒడ్డునున్న జాలారిపేటకి కోడలిగా వచ్చింది. ఇక్కడ ఆమెకి ప్రతిదీ వింతే, ప్రతిదీ ముద్దే. పడవ దిగి వచ్చిన మొగుడి మీసం మీద ఉప్పు తెల్లగా మెరిస్తే చాలు, ఆ పూటంతా తలుచుకుని తలుచుకుని నవ్వుకునేది.

ఆ ఇంట్లో ఆ నవ్వు చేరని మూల ఒకటే ఉంది. అక్కడ మంచం మీద మావగారు నూకాలు ఉంటాడు. పేటకి పెద్దగా ఏళ్ల తరబడి తగవులు తీర్చిన మనిషి. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ చచ్చుబడ్డాయి. "ఈ కొద్ది నెలలే మనకున్నవి. ఇప్పుడు నడిపిస్తే నడుస్తాడు. పడుకోబెట్టారా, ఇక ఎప్పటికీ పడకే" అన్నాడు డాక్టరు.

ఆ మాట సాయిదుర్గ కొంగున ముడేసుకుంది. రోజూ పొద్దున్నే మావగారిని ఆటోలో ఎక్కించి పార్కుకి తీసుకెళ్లేది. జ్యోతిర్మయి అనే ఫిజియోథెరపీ అమ్మాయి ఆస్పత్రి డ్యూటీకి వెళ్లేముందు అక్కడ ఇలాంటివాళ్లకి ఉచితంగా క్లాసు చెబుతుంది. కుర్చీలు వరసగా వేసి, వాటిని పట్టుకుని లేవడం, నిలబడడం, అడుగు వెయ్యడం నేర్పిస్తుంది.

"ఏటి బావా, అలా తూలతన్నావు? రాత్రి గట్టిగా ఏసీనావేటి?" అనేవాడు పక్క కుర్చీలోంచి శ్రీరామ్మూర్తి. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయనకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి.

"నాను తూలినా మునగను బావా. నువ్వు నిలబడే మునిగిపోతన్నావు" అనేవాడు నూకాలు, వంకర పోయిన మూతితోనే.

కుర్చీ వదిలేసి మావగారు రెండడుగులు వేసిన రోజున సాయిదుర్గ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, బండి దగ్గర వేడి పునుగులు కొని అందరికీ పంచింది.

ఆ తర్వాత కొద్ది రోజులకి గేటు మీద కొత్త బోర్డు కనిపించింది. సాయిదుర్గే పైకి చదివింది. పార్కులో క్లాసులు నడిపేవాళ్లు నెలనెలా రుసుము కట్టి అనుమతి తీసుకోవాలట.

"నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోవట్లేదు కదా!" అంది జ్యోతిర్మయి.

"అందరం తలా కొంత ఏసుకుందాం" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఎవులూ జేబులో సెయ్యెట్టద్దు. నాను సూసుకుంతాను" అన్నాడు నూకాలు.

నూకాలు చూసుకుంటానన్నాక మరి పేటలో ఎవరూ ఎదురు మాట్లాడరు. పార్కులోనూ అదే జరిగింది.

ఆయన ఎరిగిన పద్ధతి ఒకటుంది. ఎవరి ఒడ్డున పడవ లాగితే ఆ ఒడ్డువాళ్లకి చేపల వేటలో వాటా తీసి ఇవ్వాలి. వేట పడ్డ రోజున ఇస్తారు, పడని రోజున లేదు. వాటా తీసుకున్నవాడు ఆ పడవని అక్కణ్ణుంచి లెమ్మనకూడదు. అంతే, దానికి కాగితం ఉండదు. పార్కు కూడా ఒక ఒడ్డే అనుకున్నాడాయన. మోహన్ పడవ ఒడ్డుకి చేరిన ప్రతిసారీ మంచి చేప ఒకటి ఏరించి, కోడలి చేత సంచిలో పట్టించి, గేటు కాపలా గవర్రాజుకి ఇప్పించేవాడు.

"ఇది ఒడ్డు వాటా గవర్రాజూ" అన్నాడు మొదటిసారి.

"వంజరమే! నా మీద ఎంత అబిమానం బావా నీకు" అని మురిసిపోయాడు గవర్రాజు.

"మావయ్యా, రసీదు అడగద్దా?" అంది సాయిదుర్గ ఆటోలో.

"సముద్రం రసీదు ఇత్తాదేటే, పిచ్చితల్లీ? తిన్నోడు మాట తప్పడు."

కాగితం లేకుండా మాట మీద నడిచే లోకం ఒకటుందని తెలిసి సాయిదుర్గకి ఒళ్లు పులకరించింది. ఆ సాయంత్రం అదంతా మోహన్‌కి కథలా చెప్పింది.

నెల తిరిగాక పార్కుల ఆఫీసు నుంచి సాయిశంకర్ అనే కుర్ర అధికారి వచ్చాడు. అప్పుడే నూకాలు కుర్చీ వదిలి అందరి మధ్యా నిలబడి ఉన్నాడు.

"ఈ క్లాసుకి రుసుము కట్టలేదండీ. ఆపెయ్యాలి."

"కట్టకపోడమేటి బాబూ? గవర్రాజుని అడగండి. నెల్లాళ్లుగా వాటా తింతన్నాడు."

గవర్రాజు ముఖంలో నెత్తురు లేదు. "సార్, నాకేటీ తెల్దు సార్! ఏదో అబిమానంతో సేపలిత్తన్నాడనుకున్నాను. దీనికోసమని తెలిత్తే ముట్టేవోడినే కాదు సార్."

"తాతగారూ, కాపలావాడికి చేపలిచ్చి పార్కు వాడుకుంటున్నారా? దాన్ని లంచం అంటారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వాటాలో దగా చేసినవాళ్లని నూకాలు ఒడ్డు మీంచి వెలేసిన రోజులున్నాయి. ఆయన వెనక్కి కుర్చీ కోసం తడుముకున్నాడు. సాయిదుర్గ చేతులు చాచేలోపే గడ్డి మీద కూలబడ్డాడు.

మర్నాటి నుంచి గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. గవర్రాజుని తీసేశారు.

శ్రీరామ్మూర్తి అందరి దగ్గరకీ తిరిగి డబ్బు పోగు చేశాడు, రుసుము కట్టారు, క్లాసు మళ్లీ మొదలైంది. జ్యోతిర్మయి ఇంటికొచ్చి బతిమాలింది. "అందరూ మీకోసం చూస్తున్నారు బాబాయ్. ఎవరూ తప్పుగా అనుకోవట్లేదు."

"గవర్రాజు కూడు ఈ సేత్తో లాగీసినాను. ఏ మొకంతో రమ్మంతావమ్మా?" అని గోడ వైపు తిరిగిపోయాడు.

మోహన్ చంకల కింద చేతులు పెట్టి లేపబోతే ఒళ్లు బరువు చేసుకునేవాడు. సాయిదుర్గ తిట్టింది, ఏడ్చింది, అన్నం మానేసింది. వానలు వచ్చి వెళ్లాయి. ఈలోగా ఆయన ఎడమ చీలమండ కర్రలా బిగుసుకుపోయింది. మరోసారి వచ్చిన జ్యోతిర్మయి ఆ పాదం పట్టుకుని చూసి, బయటికొచ్చాక, "టైము దాటిపోయిందక్కా" అంది.

ఆ మర్నాడు వల తగవు తీర్చమని పేటలోంచి ఇద్దరు వచ్చారు. సాయిదుర్గ ఆశగా మావగారి ముఖంలోకి చూసింది.

"నిలబడి సెప్పగలిగినోడి కాడికి ఎల్లండి" అన్నాడు నూకాలు.

వాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. సాయిదుర్గ మంచం చివర కూర్చుని, వేడి నూనె ముంచుకుని, ఆయన ఎడమ అరికాల్లో బొటనవేలితో బలంగా నొక్కింది.

"తెలుస్తందా మావయ్యా?"

"తెల్దమ్మా."

ఆ మాట నిజమో, తనని ఇక పొమ్మనడమో ఆమెకి అర్థం కాలేదు. ఇంకా గట్టిగా నొక్కింది.