విప్పని పొట్లం

భార్య రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన నాటి నుంచి రంగనాథానికి స్వామి ముందు నోరు పెగలడం లేదు. అహోబిలం గుళ్లో అర్చకుడైన ఆయన దగ్గరికి ఎందరో వచ్చి, పెళ్లి కుదురుతుందా, బోరులో నీళ్లు పడతాయా అని పూలపొట్లాలు వేయించుకుంటారు. తీసిన పొట్లంలో తెల్లపువ్వు వస్తే అవును, ఎర్రపువ్వు వస్తే కాదు. తన ఇంటి సంగతికి మాత్రం పొట్లం కట్టడానికి ఆయనకు చేతులు రాలేదు.

కూతురు గోదా నంద్యాలలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పట్టుబట్టి ఇద్దరినీ పిలిపించింది. ఆసుపత్రిలో పరీక్ష మరునాడన్నారు. తల్లి వేదవల్లి దిగులు మరిపిద్దామని ఆ సాయంత్రం కాలేజీ కంప్యూటర్ల గదికి తీసుకుపోయింది. క్వాంటం పాఠం పిల్లల తలకెక్కడం లేదని గోదా ఒక ఆట తయారుచేసింది. తెర మీద ఒక పూలపొట్లం ఉంటుంది.

"విప్పేదాకా దీంట్లో తెలుపూ ఉన్నట్టే, ఎరుపూ ఉన్నట్టే మా. అందుకే రెండు దార్లలోనూ ఒకేసారి పోతుంది. నడుమ తొంగిచూస్తివా, ఏదో ఒకటైపోతుంది, ఆట పాయె. విప్పకుండా గట్టు చేర్చాల."

"మీ నాయన పొట్లాలు ఈడికి మోసుకొచ్చినావా?" అని వేదవల్లి నవ్వింది. ఆట మొదలుపెట్టాక కుర్చీలోంచి కదల్లేదు. వాచ్‌మన్ వచ్చి తాళాలు ఆడిస్తే గానీ లేవలేదు.

తెల్లవారేసరికి ఆమె సంచి సర్దుకుని ఉంది.

"యాడికి మా?"

"ఇంటికి. ఆళ్లగడ్డ బస్సుకు. చూడకుంటే రెండూ ఉన్నట్టేనని నువ్వే చెప్తివి గదా. ఆ డాక్టరు సూది గుచ్చి చూసినాడంటే ఏదో ఒకటైపోతుంది. నేను చూపిచ్చుకోను."

"అయ్యో, అది కంటికి ఆనని కణాల సంగతి మా! గడ్డకు చెల్లదు. నువ్వు చూసినా చూడకున్నా అది పెరుగుతాంటుంది. నాయనా, నువ్వన్నా చెప్పు."

కూతురు చెప్పేదే నిజమని రంగనాథానికి లోపల తెలుస్తూనే ఉంది. కానీ ఆ పూట వేదవల్లి ముఖం ఎన్నాళ్లకో తేటగా ఉంది.

"స్వామి చూసుకుంటాడులే" అని సంచి అందుకున్నాడు.

వానలు వెలిసేసరికి గడ్డ పుండైంది. చెయ్యెత్తి జడ వేసుకోలేని స్థితి వచ్చాక జీపు మాట్లాడుకుని నంద్యాల వచ్చారు. పరీక్షలయ్యాక డాక్టరు తండ్రీకూతుళ్లను లోపలికి పిలిచాడు.

"ఇన్నాళ్లు ఏం చేస్తాండారు సామీ? మొదట్లోనే వచ్చింటే కోసి తీసేసేవాళ్లం. ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకింది. నొప్పికి మందు రాసిస్తా, అంతే."

బయటికి వస్తూ గోదా తలుపు దగ్గర ఆగింది. "ఆ ఆటలో నేను పూలు పెట్టకుండా ఉండాల్సింది నాయనా. పిల్లోళ్లకు తెలిసిన వస్తువు గదా అని పెట్టినా."

రంగనాథానికి సంచి అందుకున్న పొద్దు గుర్తొచ్చింది. ఆ పొద్దు తాను స్వామి పేరెత్తింది నమ్మకంతోనా, మాట దాటేయడానికా? ఇన్నేళ్లు చేసిన సేవలో ఈ ప్రశ్న ఎన్నడూ తగల్లేదు.

"అమ్మకు నేను చెప్తాలే" అంది గోదా.

"వద్దు. నేనే చెప్పాల."

బెంచీ మీద వేదవల్లి కాస్త జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చుని, నలుగురూ చూస్తున్నా ఆమె చెయ్యి పట్టుకుని, డాక్టరు మాటలు ఒక్కటీ మింగకుండా చెప్పాడు. ఆమె కొంగు నిండా కప్పుకుని ఆయన వైపు తిరిగింది.

"ఆ పొద్దే చూపిచ్చుకునింటే?"

రంగనాథం చెయ్యి వదల్లేదు.

"బతికేదానివి" అన్నాడు.