తాడు పట్టినవాళ్ల రివాల్వర్

మా నాన్న కూర్మయ్యను తాడు మీదనుంచే పట్టుకుపోయారు. బరంపురం దగ్గర మా ఊరు మార్కండి ఒడ్డున అలివి వల లాగుతున్నాం. వల ఇంకా సముద్రంలోనే ఉంది, ఊరంతా ఒడ్డున రెండు తాళ్లూ పట్టుకుని ఉంది. పోలీసులు వచ్చి నాన్న చేతుల్లోంచి తాడు ఊడలాగి, చొక్కా అయినా తొడుక్కోనివ్వకుండా జీపెక్కించారు. మేం తాడు వదల్లేకపోయాం. వదిలితే వల పోతుంది. అందరం లాగుతూనే చూశాం. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్లు మొద్దుబారిపోయింది.

ఇంట్లో రివాల్వర్ దాచాడట, అదీ నేరం. ఆ రివాల్వర్ ఊరందరూ ఎరిగినదే. కిందటి తుపాను తరవాత మా వలలోనే పడింది. వలల పాకలో ఓ మూల పడి ఉండేది. దాన్ని తీసి, మా ఇంట్లో దొరికిందని రాసుకున్నారు. అసలు నేరం వేరే ఉంది. మేం వల లాగే ఒడ్డు చుట్టూ రొయ్యల కంపెనీ కాంట్రాక్టరు ముళ్లకంచె వేస్తుంటే, నాన్న స్తంభం గుంతలో దిగి కూర్చున్నాడు. ఆ కంచె పూర్తయితే మాకు సముద్రం లేదు, కూడు లేదు.

నేను బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను. రివాల్వర్ వలలో పడిన రోజు తీసిన ఫొటోలు ఫోనులో ఉంటే, చరిత్ర చెప్పే శ్యామసుందర్ మాస్టారికి చూపించాను. ఆయన వాటిని పెద్దవి చేసి చాలాసేపు చూశారు.

"పిడి కింద కడియం చూడమ్మా. చెయ్యి జారినా పోకుండా తాడు కట్టుకునేది. సైన్యం వాడినదన్నమాట. ఈ బాణం గుర్తు బ్రిటిషు సర్కారుది. పక్కన ఒకటి, తొమ్మిది, ఒకటి కనిపిస్తున్నాయి. చివరి అంకె ఉప్పు తినేసింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులది. గొట్టం నిండా గుల్లలు పట్టాయి, తూటాలు పెట్టే చక్రం తుప్పుకి అతుక్కుపోయింది. కాల్చడానికి ఏ విధంగానూ పనికిరాని ఇలాంటి పాతదాన్ని ఉంచుకోవడం నేరం కాదని చట్టంలోనే ఉంది."

ఇది చదివే మీరు చదువుకున్నవాళ్లు, నిజం నిరూపిస్తే వదిలేస్తారనుకుంటారు. నేనూ అనుకున్నాను. మాస్టారు స్టేషనుకు వచ్చి ఇదంతా చెప్పారు. ఇనస్పెక్టరు మర్యాదగా విన్నాడు, టీ కూడా తెప్పించాడు.

"పాతదో కాదో కోర్టు తేలుస్తుంది సార్. అందాకా ఎవడిదైతే వాడు లోపలుంటాడు," అన్నాడు ఒడియాలో.

బయట చెట్టు కింద ఊరంతా కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. నాన్న పక్కన తాడు పట్టే అప్పలరాజు లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు.

"ఇంత సెప్పినా ఇనకపోతే ఇంకేటి సేస్తాం? ఎల్లిపోదుం. రేపు వల ఎవులు లాగుతారు?"

తాడు చివర నిలబడే గురువమ్మ పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఎవుడిదైతే ఆడు లోపలుంటాడని కదా అన్నాడు. మరది ఎవులది? వల్లో పడ్డదానికి తాడు పట్టినోలందరికీ వాటా. సేపకైతే వాటా కావాల, జైలుకి అక్కర్లేదేటి?"

ఆవిడ స్టేషనులోకి నడిచింది. అప్పలరాజు ఆవిడ వెనకే లోపలికి నడిచాడు. ఆ వెనక మేమందరం నడిచాం.

"రాసుకో బాబూ, నా వాటా," అంది గురువమ్మ, బల్ల మీద చెయ్యి పెట్టి.

"నాది," అన్నాడు అప్పలరాజు. తరవాత నేనన్నాను. తరవాత ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. ఇనస్పెక్టరు ఒక్క పేరూ రాయలేదు. అందరి పేర్లూ రాస్తే నాన్న మీద కేసు నిలవదని అతనికి తెలుసు. లాఠీలతో నెట్టించి తలుపు వేశాడు. సాయంత్రం నాన్నను జైలుకు పంపారు.

మర్నాడు పొద్దున్న మేం వల దించలేదు. అలివి తాళ్లు రెండూ తెచ్చి కంచె స్తంభాలకు కట్టాం. ఎదురుగా పోలీసులు, వాళ్ల వెనక కాంట్రాక్టరు మనుషులు. నాన్న నిలబడే చోటు ఖాళీగా ఉంది.

"ఉషా, నువ్వక్కడ పట్టు," అంది గురువమ్మ.

లాగాం. మొదటి స్తంభం ఇసకలోంచి కదిలింది. లాఠీలు వీపుల మీద పడ్డాయి. నాకు దెబ్బ తెలియలేదు. ఈసారీ మాలో ఎవరూ తాడు వదల్లేదు.