లిమ్మపుట్టు పాత రోడ్డు

డుంబ్రిగుడ సంతలో సైకిళ్ళు బాగుచేసే గాసి అబద్ధాలాడతాడని ఎవరూ అనరు. కోతలు కోస్తాడంటారు. రెండింటికీ చాలా తేడా ఉంది. అబద్ధమాడితే జనం లేచిపోతారు, కోతలు కోస్తే ఇంకో టీ చెప్పి కూర్చుంటారు. ఒకసారి అనంతగిరి ఘాట్‌లో బ్రేకుల్లేని సైకిల్ మీద ఎంత జోరుగా దిగాడంటే, వాడి నీడ వెనకబడిపోయి సాయంత్రం బస్సుకి వచ్చిందట. కావాలంటే కండక్టర్‌ని అడగమనేవాడు. ఏ కండక్టరో మాత్రం చెప్పేవాడు కాదు.

ఇలాంటివి వాడి దగ్గర బస్తాడున్నాయి. అందులో నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే.

మూడేళ్ళ కిందట వాడి స్నేహితుడు మంగరాజు ఎక్కడో దూరదేశం రాతి క్వారీకి పనికి పోయాడు. పెళ్ళాం రత్నాలుకి ఫోను లేదు కాబట్టి గాసి నంబరే రాయించాడు. సరిగ్గా కొండ ఊళ్ళలో చైత్రంలో చేసే ఇటుకల పండగ రోజున ఆ నంబరుకి ఫోనొచ్చింది. రాయి జారింది, మనిషి పోయాడు, అక్కడే పూడ్చేశాం అన్నారు. ఫోను పెట్టేశారు.

గాసి అప్పుడు రత్నాలు వాళ్ళ ఊరు లిమ్మపుట్టు ముందు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఆ పండగకి మగాళ్ళు వేటకి పోతే, ఆడాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని దారినపోయేవాళ్ళని ఆపి పజోరు అడుగుతారు. పజోరంటే పండగ మామూలు. ఇచ్చేదాకా కర్ర లేవదు. ఇవ్వనంటే వాళ్ళతో చేతులు కలిపి థింసా ఆడాలి. ఆ రోజు కర్రకి ఒక కొస రత్నాలు చేతిలో ఉంది. ఫోను ఎవరిదని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వు చూసి గాసి నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. మంగరాజేనన్నాడు. బాగున్నాడన్నాడు.

అక్కణ్ణించి అది తీగలా పాకింది. రత్నాలు ప్రతి సంతకీ వచ్చి ఫోనొచ్చిందా అని అడిగేది. గాసి చెప్పేవాడు. మంగరాజు మేస్త్రీ అయ్యాడు, మేస్త్రీల మీద మేస్త్రీ అయ్యాడు, అక్కడ వాడుంటున్న మేడలో మేకలు కూడా లిఫ్టులోనే పైకెక్కుతాయి. రత్నాలు నవ్వుకుంటూ కొండెక్కేది. చచ్చినవాడికి దినం చేసి, పేరు పెట్టి పిలిచి, ఆకులో కూడు పెడితేగానీ పెద్దల్లో కలవడని గాసికి తెలుసు. అది గుర్తొచ్చిన రోజు ఇంకా పెద్ద కోత కోసేవాడు.

ఈ ఏడు మళ్ళీ ఇటుకల పండగొచ్చింది. ఆ ఉదయమే విశాఖపట్నం నుంచి వెన్నెలనే అమ్మాయి సన్నటి చక్రాల సైకిలేసుకుని దిగింది. వచ్చే నెలలో వాళ్ళ క్లబ్బువాళ్ళు నలభైమంది ఈ కొండల్లో తొక్కుతారట, ఆవిడ ముందుగా దారి చూసుకుంటోంది. దారి చూపించడానికి గాసి కూడా తన పాత సైకిల్ తీశాడు. ఇద్దరూ సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ తోటలు దాటుకుంటూ పోయారు. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆవిడ గేర్లు మార్చింది, గాసి కథలు మార్చాడు.

లిమ్మపుట్టు నాలుగు కిలోమీటర్లుందనగా రోడ్డు రెండుగా చీలింది. ఎడమది ఊళ్ళోకి ఎక్కుతుంది. కుడిది కిందికి, రిజర్వాయర్‌లోకి దిగుతుంది. తాతల నాడు డ్యామ్ కట్టినప్పుడు పాత లిమ్మపుట్టు మునిగిపోయింది, జనం ఇళ్ళు విప్పుకుని కొండ మీదికి పోయారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పాత రోడ్డు బయటపడి, అవతలి పక్క కొత్త ఊరి వెనక తేలుతుంది. దాన్ని ఎవరూ తొక్కరు. పెద్దల రాళ్ళు నీళ్ళలోనే ఉండిపోయాయి కాబట్టి, చచ్చినవాళ్ళు కొత్త ఊళ్ళో ఉండకుండా అక్కడికే దిగిపోతారంటారు.

వెన్నెల ఫోన్లో మ్యాపు చూసి, కింద దారి బాగుంటుందేమో కదా అన్నా, అని అడిగింది. ఇంకో రోజైతే గాసి వద్దనేవాడే. కానీ ఎడమ దారిలో రత్నాలు కర్ర పట్టుకుని నిలబడి ఉంటుంది. ఫోనొచ్చిందా అని అడుగుతుంది. పండగపూట, అదే చోట, అదే మాట మళ్ళీ చెప్పడానికి గాసికి ధైర్యం చాలలేదు. హేండిల్ కుడికి తిప్పేశాడు.

దిగుతున్నకొద్దీ చల్లబడింది. చైత్రమాసంలో మంచేమిటని అడగొద్దు, ఉంది. ఎండిపోయిన చెట్ల మోళ్ళు నీళ్ళలోంచి వేళ్ళలా లేచి ఉన్నాయి. బురద కింద పాత తారు నల్లగా మెరుస్తోంది. పిట్ట అరుపు లేదు. గాసి మధ్యలో ఆపిన కథ మధ్యలోనే ఉండిపోయింది. అప్పుడు థింసాకి వాయించే తుడుము మోత వినిపించింది. ముందునుంచీ కాదు, వెనకనుంచీ కాదు. నీళ్ళ కిందనుంచి.

మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా కర్ర.

పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు. భుజం మీద ముడేసి కట్టిన పాతకాలం చీరలు, ముక్కుకి మూడేసి పోగులు. చీర అంచులన్నీ తడిగా ఉన్నాయి. వెన్నెల పండగేననుకుని సంబరపడింది. స్కానర్ ఉందా అమ్మా అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. వంద నోటు తీసిచ్చింది. ఎవరూ పుచ్చుకోలేదు, నోటు బురదలో పడింది. ఒకామె వచ్చి వెన్నెల చెయ్యి పట్టుకుని వరసలోకి తీసుకుంది. చేతులు వెనకనుంచి పెనవేసుకున్నాయి. థింసా మొదలైంది. వెన్నెల నవ్వుతూనే అడుగులు కలిపింది.

గాసి బురదలోకి చూశాడు. అంతమంది ఆడుతుంటే అడుగుల గుర్తులు వెన్నెల బూట్లవి మాత్రమే ఉన్నాయి.

కర్ర కొస పట్టుకున్న ముసలామె తలెత్తింది. మంగరాజు తల్లి గంగ. ఐదేళ్ళ కిందట చలిజ్వరంతో పోతే, పాడెకి ముందు కొమ్ము పట్టినవాడు గాసే.

"నాను డబ్బు అడగలేదురా గాసీ," అంది గంగ. "నా గుంటడి కబురు సెప్పు. అదే పజోరు."

గాసి నోరు అలవాటు మరవలేదు. మంగరాజు బాగున్నాడని, మేస్త్రీ అయ్యాడని చెప్పాడు. చెప్పీ చెప్పగానే వరస ఒక చుట్టు తిరిగి నీళ్ళలోకి దిగింది. వెన్నెల మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. గాసి కంగారులో మేడ సంగతి కలిపాడు. నడుం దాకా వచ్చాయి. ఇప్పుడు వెన్నెల నవ్వడం లేదు. చేతులు విడిపించుకోవాలని చూస్తోంది, అవి రావడం లేదు. అన్నా, అన్నా అని పిలుస్తోంది. గాసి నీళ్ళలోకి దూకబోతే కర్ర వాడి రొమ్ముకి అడ్డం వచ్చింది. వెదురు కర్రే, కానీ కొండని తోసినట్టుంది.

గంగ కోప్పడలేదు. ఏడవలేదు.

"ఐదేళ్ళబట్టి ఇక్కడే కాసుక్కూకున్నాను," అంది. "నా కాడికి ఆడు రాలేదు. నీ కాడా లేడు. మరి ఏ తోవలో ఉన్నాడురా?"

ఆ మాటతో గాసి లోపల ఏదో కూలింది.

"సచ్చిపోనాడు పిన్నమ్మా. మూడేళ్ళయ్యింది. రాయి మీద పడిపోనాది. నానెవులికీ సెప్పలేదు."

తుడుము ఆగింది. నీళ్ళు వెనక్కి జరిగాయి. వెన్నెల ఒడ్డున బురదలో కూలబడి దగ్గుతోంది. గంగ ఆ కబురుని తన చేతిలోకి తీసుకున్నట్టు కాసేపు అరచెయ్యి చూసుకుంది.

"నా కోడలికి సెప్పు. ఆ గుంట కూడెడితేగానీ ఆడికి తోవ దొరకదు. బేగి పో."

కర్ర లేచింది. ఇద్దరూ దాని కింద నుంచి సైకిళ్ళు నడిపించుకుని దాటారు. వెనక్కి తిరిగి చూసే పని పెట్టుకోలేదు.

ఎక్కుడులో వెన్నెల బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. కొంత ఎక్కాక, వాళ్ళెవరు అన్నా, అని మెల్లగా అడిగింది. ఊరోళ్ళేనమ్మా అన్నాడు గాసి. నలభైమందినీ ఈ దారిన తేవద్దన్నాడు. ఆవిడ ఫోన్లో ఆ దారి గీతని చెరిపేసింది.

కొత్త లిమ్మపుట్టు వెనకనుంచి వచ్చి పెద్ద రోడ్డెక్కేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ కర్ర ఇంకా అడ్డంగానే ఉంది. పసుపు పూసుకుని, పూలు పెట్టుకుని, ఎండకి చెమటలు కారుతున్న బతికున్న ఆడవాళ్ళు. వాళ్ళని చూడగానే వెన్నెలకి ఏడుపొచ్చేసింది. రత్నాలు నవ్వుతూ ఎదురొచ్చి, ఫోనొచ్చిందా బావా అని అడిగింది.

గాసి సైకిల్ కింద పడేసి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. చెప్పాడు. ఏ రోజో చెప్పాడు. ఆ రోజు ఈ కర్ర ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పాడు.

కర్ర ఒక కొస నేలకి దిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు గుండెలు బాదుకున్నారు గానీ రత్నాలు మాత్రం నిలబడే ఉంది. ఏదో లెక్క కుదరనట్టు వాడి ముఖంలోకి చూసింది.

"అయితే గడప కాడ నిలబడేది ఎవులు బావా?"

ప్రతి సంత రోజూ పొద్దువాలేవేళకి మంగరాజు వస్తాడట. ఒంటినిండా రాతి పొడి. కూడు తిందువుగాని రమ్మంటే గడప దాటడు. పొమ్మంటే పోడు. సంతలో గాసి బాగున్నాడని చెప్పాడు కదా, మనిషి దొంగచాటుగా చూసిపోతున్నాడేమో, దేనికో అలిగాడేమో అనుకుందట. గాసి సంతలన్నీ లెక్కపెట్టుకున్నాడు. తను ఎన్నిసార్లు బతికించాడో వాడు అన్నిసార్లూ రావలసివచ్చింది.

రత్నాలు ఇంట్లోకి పోయి సామ బియ్యం వండింది. అడ్డాకులో వడ్డించి గడప లోపల పెట్టింది. గడప అవతల నేల మీద తెల్లటి పొడి, పొద్దున తుడిచిందే, మళ్ళీ పేరుకుని ఉంది. రత్నాలు పక్కకి తప్పుకుంది.

"నా పిలుపుకి రాడు," అంది. "నీ మాటే నమ్మినాడు. నువ్వే సెప్పు."

గాసి గడప దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా ఖాళీ వాకిలి, ఎర్రటెండ. అయినా ఎవరో మెడ వంచి వింటున్నట్టే ఉంది. మనిషి పక్కనుంటే తగిలే వేడి లాంటిది, కానీ చల్లగా.

"మంగరాజూ," అన్నాడు. "నువ్వు సచ్చిపోనావురా."

ఆపైన ఆ రోజు, ఆ రాయి, ఆ గొయ్యి, ఫోన్లో విన్నది విన్నట్టుగా చెప్పుకుంటూ పోయాడు. ఒక్క మాట కలపలేదు. వెనకాల గోడకి ఆనుకుని రత్నాలు ఇప్పుడు ఏడుస్తోంది. గాసి ఆపలేదు.

ఆకులో కూడు తగ్గుతోంది.