పడగ్గదికి పెట్టిన జాకీ

రోజూ పొద్దున్నే ఆమె సొరంగంలోకి వెళ్లి, ఎడమ గోడకి కొట్టిన మేకు నుంచి కుడి గోడ మేకు దాకా టేపు లాగి చూసేది. కొండకి కన్నం పెడితే, తవ్వేసిన రాయి అన్నాళ్లూ మోసిన బరువు పక్క రాళ్ల మీద పడుతుంది. అవి కాస్త లోపలికి జరిగి సర్దుకుంటాయి. ఎంత జరిగాయో రాయడమే ఆమె ఉద్యోగం. మూడు మిల్లీమీటర్లు. రెండు. మళ్లీ మూడు. రాస్తున్నప్పుడు ఆమెకి ఏమీ అనిపించేది కాదు. మొగుడు పోయిన ఈ ఐదు నెలల్లో ఆమెకి దేనికీ ఏమీ అనిపించలేదు, ఏడుపు కూడా రాలేదు. అత్తగారు కూరలో ఉప్పు మర్చిపోయినా మాట్లాడకుండా తిని లేచేది.

మొగుడు ఆ సొరంగంలోనే డ్రిల్లు పట్టేవాడు. అన్నేళ్లు కొండ కింద పనిచేసి, చివరికి సెలవు రోజున ఇంట్లో మంచం మీద నిద్రలో పోయాడు. అది జరిగిన వారానికి పడగ్గది ఇరుకవడం మొదలైంది. సొరంగం మూడు జరిగిన రోజున గదీ మూడు జరిగేది. వడ్రంగి వచ్చి తలుపు చిత్రిక పట్టి, "వచ్చే నెల మళ్లీ రావాలమ్మా" అని తన దారిన పోయాడు. బీరువా హాల్లోకి మారింది. ఆఖరికి గోడకీ మంచానికీ మధ్య చెయ్యి పట్టేంత సందే మిగిలింది.

"మంచం కోసి చిన్నది చేసిపెడతా" అన్నాడు వడ్రంగి.

"మా వాడు పడుకున్న మంచం. దాని మీద రంపం పడనివ్వను" అంది అత్తగారు.

దాంతో ఆమె సైటులో మూల పడున్న, మర తిప్పితే పొడుగు సాగే ఇనుప జాకీ ఒకటి అడిగి తెచ్చి, మంచం మీదుగా ఈ గోడకీ ఆ గోడకీ అడ్డంగా పెట్టి మర బిగించింది. గది ఆగిపోయింది. మర్నాడు సొరంగంలో టేపు సున్నా చూపించింది. ఆ తర్వాతా సున్నాయే.

"కొండ సర్దుకుందమ్మా. వారం సున్నాలొస్తే సంతకం పెట్టెయ్, కాంక్రీటు పోసేద్దాం" అన్నాడు ఇంజనీరు.

కొండని జరగనివ్వకుండా బిగబడితే బరువు ఎక్కడికీ పోదని, లోపలే పేరుకుంటుందని కొత్తవాళ్లకి చెప్పేది ఆమే. ఆమెకి తెలియక కాదు, ఆలోచించాలని అనిపించక ఊరుకుంది.

ఆరో రోజు ఆమె పనికి బయల్దేరుతుంటే అత్తగారు గదిలోంచి కేకేసింది. "అమ్మాయ్, ఇటు చూడు!"

జాకీ విల్లులా వంగిపోయి ఉంది. ఆ సొరంగంలోనే పనిచేసే మరిది అప్పటికే పదహారు మందితో లోపల ఉన్నాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"అందర్నీ తీసుకుని బయటికొచ్చెయ్."

"సున్నానే కదా వదినా వస్తోంది?"

"ఆ సున్నా నా వల్ల వచ్చింది. ముందు బయటికి రా."

కాసేపటికి అతని గొంతు వినిపించింది. "పదిహేడు మందిమీ వచ్చేశాం."

ఆమె జాకీ మీద చెయ్యి వేసి అత్తగారి వైపు చూసింది. అత్తగారు మంచం మీది దిండు తీసి చంకలో పెట్టుకుంది.

"తీసెయ్ అమ్మా" అంది.

ఆమె మర ఒక్కో చుట్టూ వదులు చేసింది. గోడ తొందర లేకుండా వచ్చింది. మంచం మూలిగి, నడిమికి ఫెళ్లున విరిగింది. ఆ చప్పుడుకి ఆమె నేల మీద కూలబడి, ఐదు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. అత్తగారు ఆపమనలేదు, పక్కనే కూర్చుంది.

ఫోన్‌లో మరిది ఇంకా మాట్లాడుతున్నాడు. "వదినా, కొండ జానెడు లోపలికొచ్చేసింది. సరిగ్గా ఇందాక మేం నించున్న చోటే."

మర్నాడు టేపు తొమ్మిది చూపించింది. తర్వాత ఐదు, రెండు. నెల తిరిగాక ఏ జాకీ లేకుండానే ఏడు సున్నాలు వచ్చాయి. ఆమె సంతకం పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చింది.

"అత్తయ్యా, కూరలో ఉప్పు లేదు" అంది.

"ఐదారు నెలలుగా లేదు" అంటూ అత్తగారు ఉప్పు డబ్బా కోసం లేచింది.