చల్లని పది వేళ్లు

నేను ఒక వాలీబాల్‌ని. పుట్టింది జలంధర్‌లో. అక్కడ ఒక ముసలాయన తోలు ముక్కలు అతికించి, గాలి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసి "ఠీక్" అన్నాడు. నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. రైలెక్కి భీమవరంలో ఒక కొట్లో దిగి, చింతరేవు కుర్రాళ్ల చేతిలో పడ్డాను. వాళ్లు నా ముందు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, వెంటనే నా చెంప పగలగొట్టారు. మనుషుల భక్తి ఎలాంటిదో నాకు ఆ రోజే అర్థమైంది.

ఆ జట్టులో అందరూ నన్ను కొట్టేవాళ్లే, మరిడయ్య తప్ప. అతను లిఫ్టరు. నేను ఎటునుంచి ఎలా వచ్చి పడినా పది వేళ్ల కొసలతో అందుకుని, వలకు జానెడు ఎత్తున పెట్టేవాడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే చేతులు కాబట్టి మండుటెండలో కూడా చల్లగా ఉండేవి. నాకు ప్రాణం లేచొచ్చేది. మరుక్షణం త్రిమూర్తులు గాల్లోకి ఎగిరి నన్ను అవతలి కోర్టులో పాతిపెట్టేవాడు. ఊరంతా త్రిమూర్తుల్ని భుజాలకెత్తుకునేది. షీల్డు ఏటా మాదే. కానీ షీల్డుతో దిగిన ఏ ఫొటోలోనూ మరిడయ్య లేడు. ఫొటో తీసే వేళకు అతను తుమ్మపొదల్లో నన్ను వెతుకుతూ ఉండేవాడు.

ఈ వేసవిలో సరిగ్గా పోటీల ముందు మరిడయ్యకు ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టి లోపల పడుకోబెట్టారు.

"లిఫ్టరే కదరా, ఎవడో ఒకడు ఎత్తుతాడులే" అన్నాడు త్రిమూర్తులు.

ఎత్తారు. ఒకడు ఎత్తితే కరెంటు స్తంభానికి తగిలాను. ఇంకొకడు ఎత్తితే వెళ్లి అంపైరు టీ గ్లాసు మీద పడ్డాను. త్రిమూర్తులు ఉత్త గాలిని బాది, ఆ ఊపుకి తనే చేపలా వలలో చిక్కుకున్నాడు. ఎలాగో రెండు ఆటలు గెలిచినా, రెండు పోయాయి. ఆఖరిదీ పోతే షీల్డు ఏటి అవతలి ఊరికి వెళ్లిపోతుంది.

అప్పుడు తెలిసొచ్చింది అందరికీ. మరిడయ్యను ఏనాడూ ఒక్క మంచిమాట అనలేదు కాబట్టే అమ్మవారికి కోపం వచ్చిందని ఎవరో తేల్చారు. సన్మానం చేద్దామన్నారు. మనిషి రాలేడు కాబట్టి ఫొటోకే చేద్దామన్నారు. ఫ్లెక్సీ షాపుకి రేషన్ కార్డు ఫొటో పట్టుకెళ్లి ఇచ్చారు. ఆ మొహం చూశాక షాపువాడు ఇంకేమీ అడగలేదు. అటొక దీపం, ఇటొక దీపం పెట్టేశాడు.

"దీపాలకి డబ్బులొద్దండి" అన్నాడు పైగా.

ఆఖరి ఆట రోజున ఆ ఫ్లెక్సీని వల పక్కన నిలబెట్టి, దండ వేసి, దాని ముందు స్టూలు మీద పూలల్లో నన్ను కూర్చోబెట్టారు. చూసినవాళ్లు చూసినట్టే గొల్లుమన్నారు. సర్పంచి సూరపరాజుగారు దండతో సహా దిగారు.

"బతికే ఉన్నాడండీ!" అని జట్టువాళ్లు చెప్పబోయారు.

"మన గుండెల్లో ఎప్పుడూ బతికే ఉంటాడయ్యా" అంటూ ఆయన కళ్లు తుడుచుకుని, త్రిమూర్తులు చేతిలో మైకు పెట్టారు.

అంతమంది ఏడుస్తుంటే త్రిమూర్తులు కూడా అసలు సంగతి మరిచిపోయాడు.

"నాదేం లేదండీ. బంతిని ఆడు గాల్లో ఆపి పెట్టేవోడు. నేను కళ్లు మూసుకుని కొట్టేవోణ్ణి. ఒక్కసారన్నా 'బాగా ఎత్తావురా మరిడీ' అన్లేదండీ."



ఏడుపులో అతని మోకాలు తగిలి స్టూలు ఒరిగింది. నేను జనం కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ వెనక్కి పోయాను. అక్కడ తలకీ మొహానికీ తువాలు చుట్టుకున్న మనిషి ఒకడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నన్ను చూడగానే అలవాటు కొద్దీ అందుకుని పైకి లేపాడు. చల్లని పది వేళ్లు!

జనం తలల మీదుగా వెళ్లి, వలకు జానెడు ఎత్తున ఆగాను. త్రిమూర్తులు మైకు పారేసి ఎగిరాడు, కళ్లు మూసుకునే. ఆ దెబ్బకి ఫ్లెక్సీ చీల్చుకుని అవతల పడ్డాను.

"ఒరేయ్, ఇది మరిడిగాడి లిఫ్టురా!" అని అరిచాడు త్రిమూర్తులు.

"ఆగండయ్యా, సంతాప తీర్మానం ఇంకా చదవలేదు" అన్నారు సర్పంచిగారు.

ఆఖరి వేపాకు స్నానం కాకుండా మరిడయ్య గడప దాటకూడదు. ఆట చూడకుండా ఉండలేక దొడ్డిగోడ దూకి వచ్చేశాడు. తువాలు తీసి, తల వంచుకుని, త్రిమూర్తులుతో ఒకటే మాట అన్నాడు.

"నువ్వలా సెప్తుంటే, ఇంకాసేపు సచ్చిపోయుంటేనే బాగుందనిపించిందిరా."

ఆ రోజు మరిడయ్యే ఎత్తాడు, ఆట గెలిచాం. ఈసారి మరిడయ్యను భుజాలకెత్తుకుని ఊరంతా తిప్పారు. ఫొటోలో మధ్యన నిలబెట్టారు. త్రిమూర్తులు వాటేసుకుని ముద్దు కూడా పెట్టాడు. ఆటలమ్మ సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు.

రెండు వారాలు తిరిగేసరికి జట్టులో మిగిలిన ఐదుగురి గుమ్మాలకూ వేపమండలు వేలాడాయి.

ఇప్పుడు సాయంత్రాలు మరిడయ్య ఒక్కడే నన్ను తీసుకుని కోర్టుకు వస్తున్నాడు. పది వేళ్లతో పైకి లేపుతాడు. ఇంత అందంగా నన్ను ఎప్పుడూ లేపలేదు. వలకు జానెడు ఎత్తున ఆగి, దెబ్బ కోసం చూస్తాను. రాదు. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ దెబ్బ కోసం, సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం కొట్టుకుంటోంది.

"తొరగా లేరా త్రిమూర్తులూ" అంటాడు మరిడయ్య, ఎవరూ లేని వల వైపు చూస్తూ.

నేను వచ్చి అతని కాళ్ల దగ్గర పడతాను.