సైలెన్స్‌కి నాలుగో అర్థం

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆ ఆఫీసులో ఏ మాట ఎవరు రాయాలో చీటీలు తీసి తేలుస్తారు. ఈసారి అతనికి 'సైలెన్స్' వచ్చింది. పక్క బల్లలవాళ్లు కిసుక్కున నవ్వారు. అతనికీ, అక్కడే ప్రూఫులు దిద్దే అతని భార్యకీ మూడు రోజులుగా మాటల్లేవన్న సంగతి ఆఫీసంతా తెలిసిందే.

తప్పు అతనిదే. ఆదివారం భోజనాల దగ్గర అతని అక్క, "మా మరదలిది ఉద్యోగమా పాడా! పొద్దస్తమానం ఒకళ్ల తప్పులు వెతకడమేగా" అంది. అందరూ పగలబడి నవ్వారు. మొగుడుగారు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.

నిశ్శబ్దం, మౌనం, నోరు మూయించడం... మూడు అర్థాలూ ఉదాహరణలతో సహా చకచకా రాసేశాడు. నాలుగోదానికి మాత్రం పూటంతా పట్టింది.

రాసినవాడు గట్టిగా చదువుతుంటే ప్రూఫ్‌రీడరు అచ్చుకాగితం మీద సరిచూసుకోవడం అక్కడి పద్ధతి. కామాలతో సహా చదవాల్సిందే. మాటల్లేని మొగుడూ పెళ్లాలకీ మినహాయింపు లేదు. మర్నాడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె తలెత్తకుండా టిక్కులు పెట్టుకుంటూ పోతోంది.

"నాలుగు," అతను గొంతు సవరించుకున్నాడు. "మాట్లాడాల్సిన చోట మాట్లాడకపోవడం, కామా, పిరికితనం, ఫుల్‌స్టాప్. ఉదాహరణ. నలుగురూ భార్యను చూసి నవ్వుతుంటే అతను నోరు మెదపలేదు, ఫుల్‌స్టాప్."

పెన్సిలు ఆగింది. క్షమించమని నోటితో అడగడం చేతకాక ఇంత తతంగం పెట్టుకున్నాడు మరి.

అటుగా వెళ్తున్న ఎడిటరు చెవిన పడనే పడింది. "ఈ అర్థం ఎక్కడుందయ్యా? మీ ఇంటి గొడవలు మన పుస్తకంలోకి ఎందుకు? కొట్టెయ్యమ్మా!"

"కొట్టేస్తున్నా సార్," అందామె, అడ్డంగా గీత గీస్తూ. "ఇది పుస్తకంలో రాసేది కాదు. మనుషులతో చెప్పేది."

అతని మొహం కందగడ్డలా అయిపోయింది. అందరి ముందే ఫోన్ తీసి అక్కకి కలిపాడు.

"అక్కా, ఆదివారం నువ్వన్నది తప్పు. తను చేసేది నాకు చేతకాని పని. నువ్వలా అంటుంటే నోర్మూసుకుని కూర్చున్నానే, అది ఇంకా పెద్ద తప్పు."

అవతల అక్క, "ఫోన్ దానికివ్వరా" అంది.

భార్య ఫోన్ అందుకుంది. చెవి దగ్గర పెట్టుకోబోతూ అతని కళ్లలోకి చూసింది.

"ఈ నాలుగు ముక్కలకి నాలుగు రోజులా అండీ?"